డాలస్ నుంచి గ్రాండ్ కాన్యన్‌కి ఎఫ్-150 లైట్నింగ్‌లో, అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఫ్రిస్కోలో ఉంటారు, ఫోర్డ్ వాళ్ల ఎలక్ట్రిక్ పికప్ ట్రక్కు ఎఫ్-150 లైట్నింగ్, పెద్ద బ్యాటరీ ఉన్న ఎక్స్‌టెండెడ్ రేంజ్ మోడల్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నారు, ఇప్పటిదాకా ఆఫీసుకీ, కాస్ట్‌కోకీ, హనుమాన్ గుడికీ తప్ప ఊరు దాటించలేదు. ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చారు, మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి వాళ్లిద్దరూ, మీరిద్దరూ, పాప, మొత్తం అయిదుగురు గ్రాండ్ కాన్యన్ వెళ్దామనుకుంటున్నారు. ట్రక్కులో వెళ్లొచ్చా, లేక మినీవాన్ రెంట్‌కి తీసుకోవాలా, ఫ్రెండ్ దగ్గర 22 అడుగుల ట్రావెల్ ట్రెయిలర్ ఉంది అది తగిలించుకుని పోతే హోటల్ ఖర్చు తగ్గుతుందా అని.

సూటిగా చెప్పేస్తా. ట్రక్కులోనే వెళ్లండి, హాయిగా వెళ్లి రావచ్చు. ట్రెయిలర్ మాత్రం వద్దు. పోయేటప్పుడు రెండు రోజుల్లో కాదు, రెండున్నర రోజులు పెట్టుకోండి. ఇంధనం ఖర్చులో డబ్బు మిగులుతుందనే ఆశతో అయితే వెళ్లకండి, మిగలదు, ఆ లెక్క కింద చెప్తా.

నాదీ అదే ట్రక్కు, 2022 చివర్లో తీసుకున్నా, ఇర్వింగ్ సైడ్ ఉంటాం. అమరిల్లో, అల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్ రూట్ మీద మా అత్తయ్యగారినీ మావయ్యగారినీ ఎక్కించుకుని కూడా తిరిగాను కాబట్టి మీ కేసు నాకు బాగానే అర్థమైంది. కింద ఉన్నదంతా ఆ అనుభవం నుంచే, కొంచెం పొడుగవుతుంది.

ముందు కంపెనీ చెప్పే ఆ 320 మైళ్ల రేంజ్ అన్న నంబర్ మర్చిపోండి. ఎక్స్‌టెండెడ్ రేంజ్ బ్యాటరీలో మనం వాడుకోగలిగేది 131 యూనిట్లు (మన ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్టే, కిలోవాట్ అవర్). ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) వాళ్లు ఎక్స్‌ఎల్‌టీ, లారియట్ ట్రిమ్ములకి ఇచ్చిన రేంజ్ 320 మైళ్లు, ప్లాటినమ్‌కి 300. అది సిటీ, హైవే కలిపి తీసిన లెక్క, టెక్సాస్ హైవే మీద 75లో పోయేవాడి లెక్క కాదు. నా ట్రక్కు 65 మీద క్రూజ్ పెడితే యూనిట్‌కి 2.1 మైళ్ల దాకా ఇస్తుంది, 75 మీద 1.7, 1.8 మధ్య ఆడుతుంది. అంటే ఫుల్ బ్యాటరీ మీద 230 మైళ్లు. కానీ రోడ్డు మీద ఎవరూ 100 నుంచి సున్నా దాకా నడపరు కదా, 80 పర్సెంట్ దగ్గర చార్జర్ పీకేసి బయల్దేరతాం, 10 దగ్గర ఇంకో చార్జర్ చేరతాం, మధ్యలో ఉన్న 70 పర్సెంట్ అంటే 92 యూనిట్లు. 1.75 తో గుణిస్తే 160 మైళ్లు. మీ అసలు రేంజ్ ఈ 160. ఎదురుగాలి ఉంటే 130. ఈ రెండు నంబర్లు పట్టుకుని ప్లాన్ వేస్తే ట్రిప్ అంతా ప్రశాంతంగా ఉంటుంది, 320 పట్టుకుని వేస్తే మొదటి మధ్యాహ్నానికే ఏసీ ఆపేద్దామా అని కారులో గొడవ మొదలవుతుంది.

80 దగ్గరే ఎందుకు ఆపాలి అంటే, 15 నుంచి 80కి ఫోర్డ్ చెప్పే టైం 41 నిమిషాలు, మంచి చార్జర్ దొరికితే నాకూ దాదాపు అంతే పడుతుంది. 80 దాటాక స్పీడ్ పడిపోతుంది, 90 దాటాక ఇక నత్తనడకే, ఆ చివరి 20 పర్సెంట్ కోసం గంట పైనే కూర్చోవాలి. ఆ గంటలో 70 మైళ్లు వెళ్లిపోవచ్చు. అందుకని ఎక్కువసార్లు ఆగడం, తక్కువసేపు ఆగడం. పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు అసలు కలిసొచ్చేది ఇదే, దాని సంగతికి వస్తా.

మీ రూట్ ఎలా ఉంటుందంటే, 287 హైవే మీద విచిటా ఫాల్స్, చైల్డ్రెస్, అమరిల్లో, అక్కడ ఐ-40 ఎక్కి టుకుమ్‌కారీ, సాంటా రోసా, అల్బకర్కీ, గాలప్, హోల్‌బ్రూక్, ఫ్లాగ్‌స్టాఫ్, అక్కణ్ణించి పైకి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు, సౌత్ రిమ్. డాలస్ నుంచి అమరిల్లో దాదాపు 365 మైళ్లు, అమరిల్లో నుంచి అల్బకర్కీ 290, అక్కణ్ణించి ఫ్లాగ్‌స్టాఫ్ 325, చివర 80. ఒక వైపుకే వెయ్యి దాటుతుంది. మధ్య ఊళ్ల దూరాలు చూస్తే మన అదృష్టం, విచిటా ఫాల్స్ నుంచి చైల్డ్రెస్ సుమారు 110, చైల్డ్రెస్ నుంచి అమరిల్లో 115, అమరిల్లో నుంచి టుకుమ్‌కారీ కూడా అంతే, సాంటా రోసా నుంచి అల్బకర్కీ కూడా అటూ ఇటూగా అంతే, అల్బకర్కీ నుంచి గాలప్ 140. అన్నీ మన 160 లోపలే ఉన్నాయి, గాలి లేని రోజైతే. గాలి ఉన్న రోజు ఆ 140 ఒక్కటే ఇబ్బంది పెడుతుంది, మధ్యలో గ్రాంట్స్ ఉంది, అక్కడ పది నిమిషాలు పెట్టుకుంటే సరి.

గాలి సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి వెళ్లేవాళ్లు కొండల గురించి భయపడతారు గానీ గాలిని పట్టించుకోరు. టెక్సాస్ పాన్‌హ్యాండిల్‌లో (అమరిల్లో ఉన్న ఉత్తరపు కొసలో) మార్చి, ఏప్రిల్ అంటే గాలి సీజన్, అది కూడా నైరుతి నుంచీ పడమర నుంచీ, మీరు పోయేది సరిగ్గా అటే. మీరు 70లో పోతూ ఎదురుగా 25 మైళ్ల గాలి ఉంటే ట్రక్కు లెక్కలో 95లో పోతున్నట్టే. గాలి ఒత్తిడి స్పీడు వర్గం మీద పెరుగుతుంది కాబట్టి గాలిని చీల్చడానికి అయ్యే కరెంటు రెట్టింపుకి దగ్గరగా పోతుంది, పైగా పికప్ ముందు భాగం గోడలాంటిది, టెస్లా సెడాన్‌లాగా జారిపోదు. అమరిల్లో నుంచి టుకుమ్‌కారీ వెళ్తూ యూనిట్‌కి 1.4 చూశాను, మూడు రోజుల తర్వాత తిరిగొస్తూ అదే రోడ్డు మీద 2.2 చూశాను, ట్రక్కు అదే, లోడ్ అదే, డ్రైవర్ నేనే. కాబట్టి బయల్దేరే ముందు రోజు రాత్రి వెదర్‌లో వర్షం కాదు, గాలి చూడండి. గాలి గట్టిగా ఉంటే తెల్లారుజామునే బయల్దేరండి, పొద్దెక్కేకొద్దీ అది పెరుగుతుంది. ఇంకా ఉంటే స్పీడ్ 65కి దించండి, వెనక పద్దెనిమిది చక్రాల వాళ్లు కూడా అంతే పోతుంటారు, ఎవరూ హారన్ కొట్టరు.

కొండల సంగతి దీనికంటే సులువు, ఎందుకంటే అది లెక్కకి దొరుకుతుంది. ట్రక్కు మూడు టన్నులు, అయిదుగురు మనుషులు, సామాను కలిపితే మూడున్నర టన్నులు అనుకోండి. వెయ్యి మీటర్లు ఎక్కితే పది యూనిట్ల దాకా ఎక్కువ పడుతుంది, అంటే బ్యాటరీలో 7, 8 పర్సెంట్. విన్‌స్లో దాటి ఫ్లాగ్‌స్టాఫ్ ఎక్కేటప్పుడు రెండు వేల అడుగులు పైకి, అంటే 600 మీటర్ల చిల్లర, 5 పర్సెంట్ అదనం, అంతే. దిగేటప్పుడు రీజెన్‌లో (మోటారే బ్రేక్‌లా పనిచేసి కరెంటుని బ్యాటరీలోకి తిప్పి పంపడం) కొంత వెనక్కి కూడా వస్తుంది, క్లైన్స్ కార్నర్స్ ఏడు వేల అడుగుల పైన ఉంటుంది, అక్కణ్ణించి అల్బకర్కీలోకి దిగుతుంటే కొన్ని చోట్ల పర్సెంట్ కదలకుండా అలాగే నిలబడుతుంది, మా మావయ్యగారు దాన్నే చూస్తూ "ఇది ఊరికే పోతోందేంటయ్యా" అని తెగ సంబరపడ్డారు.

ఇప్పుడు పెద్దవాళ్ల విషయం. మీరు చార్జింగ్‌కి 40 నిమిషాలు ఆగాలంటే అమ్మానాన్నకి బోర్ అని రాశారు. నా అనుభవం ఉల్టా. అరవై అయిదు దాటినవాళ్లు రెండు గంటలకి మించి కూర్చుంటే కాళ్లు పట్టేస్తాయి, బాత్‌రూమ్ అవసరం, షుగర్ ఉంటే టైంకి ఏదో ఒకటి తినాలి. మనం పెట్రోల్ కారులో ఉంటే "ఇంకో అరగంట, ఇంకో అరగంట" అని లాగించేస్తాం, వాళ్లు మొహమాటంతో నోరెత్తరు. ఈ ట్రక్కు మిమ్మల్ని కచ్చితంగా రెండు గంటలకోసారి దింపుతుంది. చార్జర్ ఎంచుకునేటప్పుడు కిలోవాట్లు కాదు, పక్కన బాత్‌రూమ్ ఉందా, ఎన్ని గజాల్లో ఉంది, రాత్రి తీసుంటుందా అన్నది ముందు చూడండి. కొన్ని చార్జర్లు షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో ఆ చివర, లోపలికి పోవాలంటే మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకి అదో యాత్ర. చార్జర్ల వివరాలు ఉండే ప్లగ్‌షేర్ యాప్‌లో జనం పెట్టిన ఫోటోలు చూస్తే ఇది తెలిసిపోతుంది. మీరు అలాంటి చోట ఆగాల్సొస్తే ముందు వాళ్లని తలుపు దగ్గర దింపేసి, తర్వాత వచ్చి చార్జర్‌కి పెట్టండి.

ఇంకోటి, ట్రక్కు ఎక్కడం. మనకి అది ఎత్తు అనిపించదు. మా అత్తయ్యగారు చీరలో, ఒక చేత్తో కుచ్చిళ్లు పట్టుకుని, ఇంకో చేత్తో పిల్లర్ మీద హ్యాండిల్ పట్టుకుని, కాలు రన్నింగ్ బోర్డ్ దాకా లేపలేక అక్కడే ఆగిపోయారు. హోమ్ డిపోలో మడతపెట్టే ప్లాస్టిక్ స్టూల్ దొరుకుతుంది, వెనక సీటు కింద పడేయండి, రోజుకి పదిసార్లు పనికొస్తుంది. మీ దాంట్లో రన్నింగ్ బోర్డులు లేకపోతే ట్రిప్‌కి ముందే వేయించండి. వెనక సీట్లో పాపని మధ్యలో కూర్చోబెడదామనుకుంటారేమో, కార్ సీట్ ఎక్కడ బిగిస్తే అమ్మగారికి కాళ్లు చాపుకునే చోటు ఉంటుందో ఇంట్లోనే ఒకసారి అందర్నీ ఎక్కించి చూసుకోండి.

టెస్లా చార్జర్లు. ఫోర్డ్ వాళ్లకి 2024 ఫిబ్రవరి చివర్లో టెస్లా సూపర్‌చార్జర్లు (వాళ్ల ఫాస్ట్ చార్జర్లు) తెరిచారు, ఈ రూట్‌లో మన బతుకు మారింది దాంతోనే. కానీ మూడు విషయాలు తెలియాలి. ఒకటి, అన్నీ పనిచేయవు, కొత్త తరం వి3, వి4 మాత్రమే, పాత వి2 మనకి పనికిరావు. ఐ-40 టెస్లావాళ్లు చాలా ముందే చార్జర్లు వేసిన రూట్, పాతవి ఇంకా తగులుతాయి, కాబట్టి మ్యాప్‌లో టెస్లా అని కనపడగానే నమ్మొద్దు, టెస్లా యాప్‌లో ఇతర కార్లకి అన్న ఫిల్టర్ పెట్టి, లేదా ఫోర్డ్ యాప్‌లో చూసి ఖాయం చేసుకోండి. రెండు, టెస్లా ప్లగ్ మన ట్రక్కుకి పట్టేలా చేసే అడాప్టర్. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు కదా, పాత ఓనర్ ఇచ్చాడా లేదా చూసుకోండి, లేకపోతే ఫోర్డ్‌దే కొనండి, ఆన్‌లైన్‌లో చవకగా దొరికే ఊరూ పేరూ లేనివి వద్దు, అందులోంచి పోయేది వందల ఆంపియర్లు, ఆటలు కాదు. మూడు, కేబుల్ పొట్టి.

ఈ మూడోది కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే మొదటిసారి అందరూ తికమకపడేది ఇక్కడే. టెస్లాకి చార్జింగ్ పోర్ట్ వెనక ఎడమ వైపు ఉంటుంది, వాళ్లు రివర్స్‌లో పెడతారు, స్టాండ్ దానికి తగ్గట్టు ఉంటుంది. మనది ముందు ఎడమ ఫెండర్ మీద. మనం ముక్కు ముందుకి పెట్టి దూరిస్తే మన స్లాట్ తాలూకు స్టాండ్ కుడిపక్కకి పోతుంది, అందదు, ఎడమ పక్క స్లాట్ తాలూకు కేబుల్ అందుతుంది. అంటే నిలబడేది ఒక స్లాట్‌లో, వాడేది పక్కవాడిది. జనం ఉన్నప్పుడు చిరాకు చూపులు తప్పవు. అందుకని కుడి చివర స్లాట్ లేదా ట్రెయిలర్లకి వదిలిన పక్క స్లాట్ ఖాళీగా ఉందేమో చూసి అక్కడ పెట్టండి. బంపర్‌ని స్టాండ్‌కి జానెడు దూరం దాకా మెల్లగా తీసుకెళ్లాలి, ముందు కెమెరా ఆన్ చేసుకోండి, మీ ఆవిడని కిందకి దింపి చూపించమనండి. అడాప్టర్‌ని ముందు టెస్లా కేబుల్‌కి టక్‌మని బిగించి, ఆ తర్వాత ట్రక్కుకి పెట్టండి. కేబుల్ లాగినట్టు బిగుసుకుని ఉంటే చార్జ్ పెట్టొద్దు, ఒక అడుగు సర్దుకోండి.

ఆ అడాప్టర్ ఫాస్ట్ చార్జింగ్‌కి మాత్రమే. హోటల్లో గోడకి ఉండే టెస్లా డెస్టినేషన్ చార్జర్‌కి అది పనికిరాదు, దానికి ఏసీ (ఇంటి కరెంటు లాంటి ఆల్టర్నేటింగ్ కరెంట్) అడాప్టర్ అని వేరే చిన్నది ఉంటుంది, అది కూడా కొని గ్లవ్ బాక్స్‌లో పడేయండి. రెండూ చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకదాని పని ఇంకోటి చేయదు.

హోటల్ చార్జింగ్ మీదే నేను ట్రిప్ అంతా నిలబెడతాను. మామూలు హోటల్ చార్జర్ గంటకి ఏడు యూనిట్ల దాకా ఇస్తుంది, పది గంటలు పెడితే 70 యూనిట్లు, సగం బ్యాటరీ పైనే, చాలాచోట్ల ఫ్రీ. పొద్దున్నే లేచేసరికి ట్రక్కు నిండుగా ఉంటే ఆ రోజు ఒక స్టాప్ తగ్గిపోతుంది. బుకింగ్ సైట్‌లో "ఈవీ చార్జింగ్" అని టిక్ ఉంటే చాలదు, ఫోన్ చేసి అడగండి: ఎన్ని ఉన్నాయి, పనిచేస్తున్నాయా, మా గెస్టులకేనా, ముందు వచ్చినవాళ్లకా. పైగా మార్చి రాత్రుల్లో ఫ్లాగ్‌స్టాఫ్, సౌత్ రిమ్ రెండూ ఏడు వేల అడుగుల ఎత్తులో ఉంటాయి, మంచు కూడా పడొచ్చు, రాత్రంతా చలిలో బయట వదిలేసిన బ్యాటరీ పొద్దున్న తొలి యాభై మైళ్లు బాగా తింటుంది, ఫాస్ట్ చార్జింగ్ కూడా మెల్లగా ఎక్కుతుంది. రాత్రి ప్లగ్‌కి పెట్టి, యాప్‌లో బయల్దేరే టైం సెట్ చేస్తే కరెంటు గోడ నుంచే తీసుకుని క్యాబిన్ వెచ్చగా రెడీ చేస్తుంది.

అందుకే నా ప్లాన్ ఇలా ఉంటుంది. మొదటి రోజు అమరిల్లో దాకా, అంతకి మించొద్దు. రెండో రోజు గాలప్. మూడో రోజు పొద్దున గాలప్ నుంచి బయల్దేరి హోల్‌బ్రూక్ దగ్గర పెట్రిఫైడ్ ఫారెస్ట్ చూసుకుని, ఫ్లాగ్‌స్టాఫ్‌లో 90 దాకా ఎక్కించుకుని, సాయంత్రానికి రిమ్ మీద సన్‌సెట్. ఇక్కడ మాత్రం 80 రూల్ పక్కన పెట్టండి, ఎందుకంటే ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి పైకి 80, అక్కడ తిరగడం, మళ్లీ కిందకి 80, పార్కులో ఫాస్ట్ చార్జింగ్ మీద ఆశ పెట్టుకోకుండా తిరిగి ఫ్లాగ్‌స్టాఫ్ చేరగలగాలి. పశ్చిమానికి పోతుంటే టైం కూడా కలిసొస్తుంది, న్యూ మెక్సికోలో ఒక గంట, మార్చిలో గడియారాలు మార్చాక అరిజోనాలో ఇంకో గంట, అరిజోనా వాళ్లు గడియారం మార్చరు కాబట్టి. తిరుగు ప్రయాణంలో ఆ రెండు గంటలూ పోతాయి, గాలి మాత్రం వెనక నుంచి తోస్తుంది.

చార్జర్ పనిచేయకపోతే? పెద్దవాళ్లని పెట్టుకుని వెళ్తున్నాం కదా అని మీరు అడిగిన అసలు భయం ఇదే అనుకుంటా. జరుగుతుంది. ఐ-40 మీద ఒక చిన్న ఊళ్లో నాలుగు మెషిన్లు ఉంటే రెండింటి స్క్రీన్లు నల్లగా, ఒకటి ముప్పై కిలోవాట్లే ఇస్తూ, నాలుగో దాని ముందు ఇద్దరు లైన్లో. ఆ రోజు నేను 30 పర్సెంట్‌తో చేరాను కాబట్టి అలాగే ముందుకి పోయి తర్వాతి ఊళ్లో పెట్టుకున్నా. నా రూల్ అదే: చేరాల్సిన చార్జర్ చచ్చిపోయి ఉన్నా, దాని తర్వాతి చార్జర్‌కో వెనక చార్జర్‌కో పోగలిగేంత మిగుల్చుకుని చేరాలి. ఒకే ఊళ్లో రెండు వేరే కంపెనీల స్టేషన్లు ఉంటే 10తో చేరినా పర్లేదు, అమరిల్లో, అల్బకర్కీ, ఫ్లాగ్‌స్టాఫ్ అలాంటివి. ఒక్కటే ఉన్న ఊరికి 10తో పోవద్దు. ప్లగ్‌షేర్‌లో ఆ వారం ఎవరైనా వచ్చి చార్జ్ చేసుకున్నారా అని చెకిన్లు చూడండి, ఆరు నెలల కిందటి ఫైవ్ స్టార్ రేటింగ్‌తో పనిలేదు. ప్లానింగ్‌కి ఎ బెటర్ రూట్ ప్లానర్ అనే యాప్ వాడతాను, అందులో మీ ట్రక్ మోడల్, స్పీడ్, గాలి అన్నీ పెట్టొచ్చు. డాష్‌బోర్డ్ మీద కనపడే మైళ్లు, అందరూ గెస్-ఓ-మీటర్ అంటారు, అది నిన్నటి మీ డ్రైవింగ్ చూసి చెప్పే జోస్యం, ఫ్రిస్కోలో సిటీ డ్రైవింగ్ చూసి 310 చూపిస్తుంది, హైవే ఎక్కాక గంటలో దిగొస్తుంది, కంగారు పడకండి. చార్జర్‌ని ఎప్పుడూ ట్రక్కు నావిగేషన్‌లోనే డెస్టినేషన్‌గా పెట్టండి, ఎంత పర్సెంట్‌తో చేరతారో అది చెప్తూ ఉంటుంది, ఆ పర్సెంట్ తగ్గుకుంటూ వస్తోందంటే స్పీడ్ అయిదు తగ్గించండి.

ఇక ట్రెయిలర్. అంత ఎత్తున్న ట్రావెల్ ట్రెయిలర్ తగిలిస్తే యూనిట్‌కి ఒక మైలు, గాలి ఉంటే అది కూడా రాదు. పైన చెప్పిన 92 యూనిట్ల లెక్క పెడితే 90 మైళ్లు. మీ ఊళ్ల మధ్య దూరాలేమో 110, 115. అంటే ప్రతిచోటా 100 దాకా నింపాలి, ప్రతిచోటా గంటన్నర పైనే. అది చాలదన్నట్టు చాలా చార్జర్లు ట్రెయిలర్‌తో నేరుగా దూరి అటు బయటికి వచ్చేలా ఉండవు, ట్రెయిలర్ విప్పి పార్కింగ్‌లో ఎక్కడో నిలబెట్టి, ట్రక్కు తీసుకెళ్లి చార్జ్ చేసి, మళ్లీ వచ్చి తగిలించాలి, ఆ గాలిలో, రోజుకి నాలుగైదు సార్లు. బరువు లాగలేక కాదు, లాగడంలో దీనికి తిరుగులేదు, మ్యాక్స్ టో ప్యాకేజ్ ఉంటే పది వేల పౌండ్ల రేటింగ్ ఉంది. బ్యాటరీ చాలదు, అంతే. రెండు వందల యూనిట్ల పైన బ్యాటరీ ఉన్న సిల్వరాడో ఈవీ లాంటిదైతే వేరే మాట. లైట్నింగ్‌తో ట్రెయిలర్ అంటే వంద మైళ్ల లోపు స్టేట్ పార్కులకి, వీకెండ్‌కి, బాగుంటుంది. ఒకవేళ ఎప్పుడైనా లాగినా డ్రైవర్ డోర్ దగ్గర ఉన్న పసుపు స్టిక్కర్‌లో పేలోడ్ చూసుకోండి, ట్రెయిలర్ ముక్కు బరువు, అయిదుగురి బరువు, సామాను అన్నీ కలిపి అందులోనే పడాలి.

డబ్బు లెక్క. రోడ్డు మీద ఫాస్ట్ చార్జింగ్ యూనిట్ 45 నుంచి 60 సెంట్లు ఉంటోంది. 50 అనుకోండి, మైలుకి 29 సెంట్లు. రానుపోను 2,100 మైళ్లకి 600 డాలర్లు, హోటల్లో ఫ్రీ చార్జింగ్ దొరికితే అందులో వంద, నూట యాభై తగ్గుతుంది. మినీవాన్ 26 మైళ్ల మైలేజ్‌తో గ్యాలన్ మూడు డాలర్లు అనుకుంటే గ్యాస్ 240. అంటే ఇంధనం ఒక్కటే చూస్తే మినీవానే చవక, ఇది ఈవీ వాళ్లు ఎక్కువగా ఒప్పుకోరు. ఇంట్లో చార్జ్ చేసుకుంటేనే మనకి లాభం. కాకపోతే మినీవాన్‌కి వారం పైన రెంట్ కట్టాలి, అది కలిపితే మళ్లీ ట్రక్కే ముందుంటుంది. టెస్లా యాప్‌లోనూ, మిగతా నెట్‌వర్క్‌ల యాప్‌లలోనూ నెలవారీ మెంబర్‌షిప్ ఉంటుంది, రేటు బాగా తగ్గుతుంది, ఆ ఒక్క నెలకి తీసుకుని వచ్చాక క్యాన్సిల్ చేయండి.

తిండి. ఫ్రంక్ (ముందు బానెట్ కింద ఉండే డిక్కీ) చూశారుగా, 400 లీటర్లు, తాళం పడుతుంది, లోపల నాలుగు ప్లగ్ పాయింట్లు, మొత్తం 2.4 కిలోవాట్లు. రెస్ట్ ఏరియాలో ట్రక్కు ఆపి ముందు మూత లేపి, అందులోనే రైస్ కుక్కర్ పెట్టి ప్రో పవర్ (ఆ ప్లగ్ పాయింట్లకి ట్రక్కు బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చేది) ఆన్ చేస్తే అరగంటలో వేడన్నం, అర యూనిట్ కూడా కాలదు, అంటే ఒక మైలు ఖర్చు. పక్కన ట్రక్ డ్రైవర్ వచ్చి ఇదేంటి అని అడుగుతాడు, మా మావయ్యగారు ఆవకాయ సీసా చూపించారు, అతను ధైర్యం చేయలేదు. మీ అమ్మగారు ఇండియా నుంచి తెచ్చిన కుక్కర్ మాత్రం తీసుకెళ్లకండి, అది 230 వోల్ట్‌లది, ఇక్కడ 120 మీద పావు వంతు వేడి వస్తుంది, బియ్యం నానుతాయి తప్ప ఉడకవు. మొదటి రోజుకి పులిహోర, చపాతీలు ఇంటి నుంచే. ఐ-40 మీద పంజాబీ ట్రక్ డ్రైవర్ల కోసం నడిచే దాబాలు అక్కడక్కడా ఉన్నాయి, పప్పు, రోటీ దొరుకుతాయి, మ్యాప్‌లో ట్రక్ స్టాప్ ఇండియన్ ఫుడ్ అని వెతకండి.

ట్రక్కుకి సంబంధం లేదు గానీ చెప్పకపోతే గేటు దగ్గర ఉలిక్కిపడతారు: 2026 జనవరి నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకి, 16 ఏళ్లు నిండినవాళ్లకి, గ్రాండ్ కాన్యన్‌తో కలిపి 11 నేషనల్ పార్కుల్లో మామూలు ఎంట్రీ ఫీజు మీద మనిషికి 100 డాలర్లు అదనంగా పెట్టారు. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలకి ఇది తగులుతుంది. వాళ్ల కోసం 250 డాలర్ల యాన్యువల్ పాస్ వేరే ఉంది, ఇంకో పార్కు కూడా చూపించే ఆలోచన ఉంటే అది లాభమేమో పార్క్ వాళ్ల వెబ్‌సైట్‌లో రూల్స్ చదివి నిర్ణయించుకోండి.

బయల్దేరే ముందు వారం ఒక పని చేయండి. శనివారం పొద్దున్నే అమ్మానాన్నని, పాపని ఎక్కించుకుని విచిటా ఫాల్స్ దాకా వెళ్లి, అక్కడ అడాప్టర్‌తో టెస్లా చార్జర్ మీద పెట్టి, లంచ్ చేసి వెనక్కి రండి. మీ స్పీడ్ మీద మీ ట్రక్కు యూనిట్‌కి ఎంత ఇస్తోందో, అడాప్టర్ సరిగ్గా పడుతోందో లేదో, పేమెంట్ కార్డ్ యాప్‌లో ఎక్కిందో లేదో, అమ్మగారికి ఏ సీట్ సౌకర్యమో అన్నీ ఆ ఒక్క పూటలో తేలిపోతాయి. ఆ యావరేజ్ ఎంతొచ్చిందో, గాలప్‌లో, ఫ్లాగ్‌స్టాఫ్‌లో హోటల్ ఏ వైపు తీసుకుంటున్నారో ఇక్కడే రాయండి, స్టాపులు ఎక్కడెక్కడ పెట్టుకోవాలో చూసి చెప్తా.